'ఇల్-అడ్వైజ్డ్' అంటే సలహా ఇచ్చినవాణ్ణి వెతకమని కాదు

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీది ఆఫీసుల్లో సోమవారం పొద్దున్నే వచ్చే మెయిళ్లలో ఒక రకం ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒక కొత్త మార్పును లైవ్‌లోకి తోసేసి ఇంటికెళ్లి ఉంటారు. శనివారం సైటు పడిపోయి ఉంటుంది. ఆదివారం టీమంతా ల్యాప్‌టాప్‌లు ముందేసుకుని దాన్ని వెనక్కి తిప్పి ఉంటారు. సోమవారం మేనేజరు రాసిన నాలుగు పేరాల మెయిల్లో, మూడో పేరా చివర ఒక వాక్యం: శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చేయాలన్న నిర్ణయం 'ఇల్-అడ్వైజ్డ్'.

ఆ మార్పు చేసింది అనంతపురం నుంచి వచ్చి రెండేళ్లయిన కుర్రాడనుకుందాం. 'అడ్వైజ్' అంటే సలహా ఇవ్వడమని అతనికి తెలుసు, 'ఇల్' అంటే చెడు అనీ తెలుసు. రెండూ కలిపితే 'చెడు సలహా విన్నావు' అని వచ్చింది. వెంటనే జవాబు: నాకెవరూ సలహా ఇవ్వలేదు, సొంతంగానే చేశాను. లేదా అంతకంటే ఘోరంగా: ఫలానా సీనియర్ అన్నను అడిగే చేశాను. మొదటి జవాబు రాస్తే తన తప్పును తనే దండోరా వేసుకున్నట్టు. రెండోది రాస్తే ఆ సీనియర్‌తో ఆ రోజు నుంచీ మాటలు బంద్.

ఇంతకీ ఆ మెయిల్లో సలహాదారు ఎవరూ లేరు. వెనకా ముందూ చూసుకోకుండా చేసిన పని అనీ, చేయకుండా ఉంటే బాగుండేదనీ మాత్రమే ఆ మాటకు అర్థం. చెప్పుడు మాటలు విని చేశారా, సొంత బుర్రతోనే చేశారా అన్నది దానికి అక్కర్లేదు. చేసిన మనిషిని తెలివితక్కువవాడనీ అనదు. ఒక్క పనిని, ఆ ఒక్క సందర్భం వరకే పట్టుకుని, ఇది ఆలోచించి చేసింది కాదంటుంది. మేనేజర్లకు ఈ మాట మీద అంత మక్కువ అందుకే. తిట్టినట్టూ ఉండదు, వదిలేసినట్టూ ఉండదు.

మనవాళ్లు పొరబడడంలో వింతేమీ లేదు. 'అడ్వైజ్' అనే క్రియకు ఇవాళ మనకు తెలిసిన అర్థం ఒక్కటే, సలహా చెప్పడం. ఆ మాటకు ఇంకో పాత జీవితం ఉంది. పాత ఫ్రెంచిలో 'నాకిలా కనిపిస్తోంది' అనే వాడుకలోంచి 'అవీ' అనే మాట పుట్టింది, అభిప్రాయం అనే అర్థంలో. దాని వేరు లాటిన్‌లో చూపుకు సంబంధించినది. విజన్, వీసా కూడా ఆ ఇంటి పిల్లలే. మధ్యలో వినిపించే 'డ్' తర్వాతి రోజుల్లో లాటిన్ స్పెల్లింగును చూసి అతికించుకున్నది. దీంట్లోంచి వచ్చిన క్రియకు ఒక సంగతిని అటూ ఇటూ తిప్పి చూసుకోవడం, ఆలోచించుకోవడం అనే అర్థం కూడా ఉండేది. సలహా చెప్పడం అనే అర్థంతో పాటు ఇదీ చాలాకాలం బతికింది.

దీనికి సాక్ష్యం కావాలంటే బ్రిటిష్ పార్లమెంటు ఆచారాల్లో దొరుకుతుంది. అక్కడ ఉభయ సభలూ ఆమోదించిన బిల్లుకు రాజముద్ర పడకపోతే, ఆ తిరస్కారాన్ని నార్మన్ ఫ్రెంచిలో ప్రకటించే పద్ధతి ఉంది: 'లా రెన్ సావిజెరా'. మాటకు మాట చెబితే, రాణిగారు ఆలోచించుకుంటారు అని. దీన్ని చివరిసారి వాడింది 1708లో, ఆన్ రాణి స్కాట్లాండ్ మిలీషియా (స్థానిక సాయుధ దళం) బిల్లును తోసిపుచ్చినప్పుడు. అప్పట్లో ఫ్రెంచి నౌకలు స్కాట్లాండ్ వైపు బయల్దేరాయన్న కబురు రావడంతో, ఆ దళం ఎదురు తిరుగుతుందేమోనని మంత్రులే వద్దని చెప్పారు, రాణి ఆపేశారు. అంటే నిజంగా సలహా విని తీసుకున్న నిర్ణయమే, ప్రకటించింది మాత్రం 'ఆలోచించుకుంటారు' అని. ఆలోచిస్తానంటే వద్దనే అర్థమన్న సంగతి తెలుగు పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొత్త బైకు కావాలని అడిగితే నాన్న 'చూద్దాంలేరా' అన్నాడంటే ఆ ఫైలు మూసేసినట్టే.

మన దేశంలోనూ దీని తోకలు ఉన్నాయి. గుజరాత్ వంటి కొన్ని హైకోర్టుల తీర్పుల మీద 'సీఏవీ' అనే మూడక్షరాలు కనిపిస్తాయి. 'క్యూరియా అడ్వైజారీ వల్ట్', అంటే 'కోర్టు ఆలోచించుకోదలచింది' అనే లాటిన్ మాటలకు అది పొట్టి రూపం. వాదనలు విన్న రోజునే తీర్పు చెప్పకుండా వాయిదా వేసి ఇచ్చిన తీర్పు అని దాని భావం. అక్కడ ఉన్న 'అడ్వైజ్' వేరు కూడా ఆలోచించుకోవడమే. జడ్జిగారు ఎవరినో సలహా అడగడానికి వెళ్లారని కాదు.

1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో పెళ్లి తంతు మొదట్లో ఒక హెచ్చరిక ఉంటుంది. పెళ్లిని ఎవరూ 'అన్‌అడ్వైజ్డ్‌లీ' తలకెత్తుకోకూడదని. పెద్దల సలహా అడగకుండా చేసుకోవద్దని చెబుతున్నట్టు మనకు వినిపిస్తుంది, మన ఇళ్లలో పెళ్లంటే మొదట గుర్తొచ్చేది పెద్దలే కాబట్టి. అక్కడ చెప్పింది అది కాదు. ఆలోచన లేకుండా, తేలిగ్గా తీసుకుని చేసుకోవద్దని. పక్కనే ఉన్న మాటలు కూడా ఆ అర్థాన్నే బలపరుస్తాయి. ఈ పాత అర్థం ఇవాళ్టి ఇంగ్లీషులో ఒంటరిగా తిరగడం మానేసింది కానీ కొన్ని మాటల్లో ఇంకా కాపురం ఉంటోంది. ఎవరైనా వ్యాసంలో ఒక ఘాటైన మాట వాడి, ఈ మాటను 'అడ్వైజెడ్‌లీ' వాడుతున్నాను అని రాస్తే, తెలిసే అంటున్నాను, నోరు జారి కాదు అని భావం. 'ఇల్-అడ్వైజ్డ్' కూడా అలా మిగిలిన మాటే. 'ఇల్' పాత నార్స్ భాష నుంచి వచ్చి చేరింది, అర్థం చెడు, సరిగా కాని. కాబట్టి మొత్తం మాటను విప్పితే, సరిగా ఆలోచించనిది.

అర్థం తెలిశాక వాడుక దగ్గరికొస్తే, ఈ మాటకు ఒక పట్టింపు ఉంది. ఇది పనులను అంటిపెట్టుకుంటుంది గానీ మనుషుల జోలికి సాధారణంగా పోదు. ఫూలిష్, రాష్, రెక్‌లెస్ వంటివి మనిషికీ పనికీ రెంటికీ వాడొచ్చు: అతను ఫూలిష్, అతను చేసింది కూడా ఫూలిష్. 'ఇల్-అడ్వైజ్డ్ నిర్ణయం' అంటారు, 'ఇల్-అడ్వైజ్డ్ వ్యాఖ్య' అంటారు, 'ఇల్-అడ్వైజ్డ్ ప్రయోగం' అంటారు. 'ఇల్-అడ్వైజ్డ్ మనిషి' అంటే చెవికి ఎక్కడో తేడా కొడుతుంది. మనిషి ముందుకు రావాలంటే వాక్యం వేరేలా కట్టాలి: 'యు వుడ్ బీ ఇల్ అడ్వైజ్డ్ టు రిజైన్ నౌ'. ఇప్పుడు రాజీనామా చేస్తే నీకే మంచిది కాదు అని. ఇక్కడ 'వుడ్' ఉండడం ముఖ్యం, పని ఇంకా జరగలేదు కాబట్టి. నామవాచకానికి ముందు వస్తే మధ్యలో హైఫన్ పెడతారు. వాక్యం చివర వచ్చినప్పుడు హైఫన్ ఉంచేవాళ్లూ ఉన్నారు, తీసేసేవాళ్లూ ఉన్నారు. దాని మీద ఎవరి మెయిల్నీ తప్పుపట్టాల్సిన పని లేదు.

మినహాయింపు కోర్టుల్లో కనిపిస్తుంది. ఒక పిటిషన్ను కొట్టేస్తూ, పిటిషనర్ను ఎవరో తప్పుదారి పట్టించారు అనే అర్థంలో 'పిటిషనర్ ఇల్-అడ్వైజ్డ్' అని రాసే సందర్భాలుంటాయి. అక్కడ నిజంగానే సలహాదారు ఉన్నాడు, నల్లకోటు వేసుకుని ఎదురుగానే నిలబడి ఉంటాడు. అందుకే కర్నాటక హైకోర్టు ఉన్న అట్టార కచేరి ఎర్ర మేడలో ఆ మాట వినబడితే ఒక అర్థం, కొన్ని కిలోమీటర్ల అవతల బెళ్లందూరు ఆఫీసు మెయిల్లో కనబడితే ఇంకో అర్థం. ఎవరు ఎవరితో అన్నారో చూసుకోకుండా డిక్షనరీలో చూసిన అర్థం అన్నిచోట్లా అతికిస్తే ఇబ్బందే.

ఇంకో సంగతి డిక్షనరీలు అంతగా చెప్పవు. ఇంగ్లీషువాళ్లు దీన్ని నవ్వుకోవడానికి బాగా వాడతారు. కాలేజీ రోజుల్లో పెంచిన మీసం, ఒకరి పేరు వేయించుకున్న పచ్చబొట్టు, ఆఫీసు పార్టీలో రెండో రౌండు తర్వాత అందుకున్న మైకు, అన్నీ 'ఇల్-అడ్వైజ్డ్' కిందికే వస్తాయి. ఆరొందలమంది ఉన్న మెయిల్ గ్రూపులో 'రిప్లై ఆల్' నొక్కి 'ప్లీజ్ రిమూవ్ మీ' అని రాయడం కూడా. పెద్ద మాటను చిన్న తప్పు మీద పెట్టి నవ్వు పుట్టించడం ఒక పద్ధతి, పెద్ద తప్పుకు చిన్న మాట వాడి మర్యాద నిలుపుకోవడం ఇంకో పద్ధతి. ఈ విశేషణం రెండు పనులూ చేస్తుంది.

ఆ రెండో పనిలోనే కొంచెం మోసం ఉంది. మంత్రిగారు ఒక కులాన్నో ఊరినో అవమానించేలా మాట్లాడితే, మరుసటి రోజు పత్రికల్లో అది 'ఇల్-అడ్వైజ్డ్ రిమార్క్' అయి కూర్చుంటుంది. అంటే ఆయన మనసులో ఏమీ లేదు, ఆ క్షణాన కాస్త ఆలోచించి ఉంటే సరిపోయేది అన్నట్టు. మనసులో ఉన్నదే బయటికొచ్చిందేమో అన్న అనుమానాన్ని ఆ మాట మెల్లగా పక్కకు నెడుతుంది. ప్రాణాలు పోయిన చోట కూడా ఇదే వాడితే మరీ తేలికైపోతుంది. అనుమతి లేకుండా ఇంకో రెండు అంతస్తులు లేపిన మేడ కూలి మనుషులు చచ్చిపోతే దాన్ని 'ఇల్-అడ్వైజ్డ్ నిర్మాణం' అనడం వాడుక తెలియకపోవడమైనా కావాలి, తెలిసి దాటవేయడమైనా కావాలి.

చట్టానికి ఆ సంగతి తెలుసు, అందుకే అది వేరే మాట పట్టుకుంది. పాత ఐపీసీ 304ఏ సెక్షన్ 'రాష్ ఆర్ నెగ్లిజెంట్ యాక్ట్' అనేది. తెలుగు పేపర్లో 'నిర్లక్ష్యంగా, అజాగ్రత్తగా' అని రోజూ చదివేది దీన్నే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 106వ సెక్షన్ అయింది, గరిష్ఠ శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. రోడ్డు మీద ఇష్టమొచ్చినట్టు బండి నడపడానికి ఉన్న 279 ఇప్పుడు 281. 'రాష్' అంటే అపాయం ఉందని తెలిసీ ఏమీ కాదులే అని దూకేయడం. 'నెగ్లిజెంట్' అంటే చూసుకోవాల్సింది చూసుకోకపోవడం. ఈ రెంటికీ జైలుంది. 'ఇల్-అడ్వైజ్డ్' అయినంత మాత్రాన ఎవరూ జైలుకు పోరు, మహా అయితే అప్రైజల్ పోతుంది.

మిగతా చుట్టాలను త్వరగా చూసేయవచ్చు. 'ఇంప్రూడెంట్' లాటిన్‌లో ముందుగా చూడడం అనే మాటలోంచి వచ్చింది, మన 'ముందుచూపు లేని' దానికి సరిగ్గా సరిపోతుంది. అందుకే డబ్బు, పొదుపు, బ్యాంకుల మాటల్లో ఎక్కువ. 'ఫూల్‌హార్డీ'లో ధైర్యం కూడా ఉంది, బుద్ధిలేని ధైర్యం. దుస్సాహసం అనే మాట దానికి అచ్చంగా పనికొస్తుంది. 'మిస్‌గైడెడ్'లో జాలి ఉంటుంది: ఉద్దేశం మంచిదే, దారి తప్పింది. 'ఇల్-కన్సీవ్డ్' అంటే పుట్టుకలోనే లోపం ఉన్న పథకం. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 2016లో తలపెట్టి, జనం రోడ్డెక్కడంతో 2017 మార్చిలో వదిలేసిన స్టీల్ ఫ్లైఓవర్ లాంటి ప్రాజెక్టులను తప్పుపట్టేవాళ్లు ఎక్కువగా వాడాల్సింది ఈ మాటనే. ప్లాను గురించి అయితే 'ఇల్-కన్సీవ్డ్', ప్లానుతో పనిలేకుండా చటుక్కున వేసిన అడుగు అయితే 'ఇల్-అడ్వైజ్డ్'. రెండూ కలిసే చోట్లు చాలా ఉన్నాయనుకోండి.

అన్నిటికంటే దగ్గరి చుట్టం 'ఇన్‌అడ్వైజబుల్', లేదా మనవాళ్లు ఎక్కువగా వాడే 'నాట్ అడ్వైజబుల్'. దీనికీ మన మాటకూ తేడా ప్రధానంగా కాలంలో ఉంది. 'నాట్ అడ్వైజబుల్' పని జరగకముందు వస్తుంది, వద్దని చెప్పడానికి. 'ఇల్-అడ్వైజ్డ్' పని జరగకముందూ రావచ్చు గానీ, దాని అసలు చోటు జరిగిపోయాక. బెంగళూరులో ఫ్లాటు కొన్న తెలుగువాళ్లకు మొదటి మాటతో పరిచయం ఉంటుంది. లాయరు ఇచ్చే ఒపీనియన్ కాగితం చివర్లో వచ్చేది అదే. ఇలాంటి ఫోన్ సంభాషణ మారతహళ్లి పీజీకీ హిందూపురం ఇంటికీ మధ్య ఎన్నోసార్లు నడిచి ఉంటుంది:

"లాయరు కాగితం వచ్చిందా?"

"వచ్చింది నాన్నా. కొనడం నాట్ అడ్వైజబుల్ అని రాశాడు."

"అంటే కొనొద్దన్నాడు."

"కొనొద్దని ఎక్కడా రాయలేదు. అడ్వైజబుల్ కాదన్నాడంతే. బీ-ఖాతా కదా, బిల్డరేమో త్వరలో ఏ-ఖాతా అయిపోతుంది, లోను కూడా నేనే ఇప్పిస్తా అంటున్నాడు."

"ఒరేయ్, లాయరు కాగితం మీద అంతకంటే గట్టిగా రాయడురా."

తండ్రికి ఇంగ్లీషు తక్కువే అయినా మాట బరువు సరిగ్గా తూచాడు. బీ-ఖాతా అంటే అనుమతుల్లోనో భూమి మార్పిడిలోనో లోటున్న ఆస్తుల నుంచి పన్ను వసూలు చేసుకోవడానికి విడిగా పెట్టిన పద్దు. పన్ను కట్టించుకున్నారు కదా అని అంతా సక్రమం అయిపోదు. ఇవన్నీ చూసిన లాయరు 'నాట్ అడ్వైజబుల్' అని ఆపేశాడంటే తన వృత్తి భాషలో చేతులు అడ్డం పెట్టినట్టే. కొడుకు దాన్ని అలంకారంలా చదివాడు. రిజిస్ట్రేషన్ అయిపోయి రెండేళ్ల తర్వాత, అమ్ముదామంటే కొనేవాడు లోను దొరక్క వెనక్కి పోయినప్పుడు, ఆ కొనుగోలు 'ఇల్-అడ్వైజ్డ్' అవుతుంది. సలహా మంచిదే ఇచ్చారు, అయినా పని 'ఇల్-అడ్వైజ్డే'. సలహా ఇచ్చినవాణ్ణి ఈ మాటలో వెతకడం ఎందుకు దండగో ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ దొరకదు.

ఆస్పత్రి కాగితాలు కూడా ఇదే చెబుతాయి. డాక్టరు వద్దంటున్నా పేషెంటును ఇంటికి తీసుకెళ్లిపోతే కేస్ షీటు మీద 'లామా' అని రాస్తారు, వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయారని దాని విస్తరణ. అక్కడ డాక్టర్లు 'ఇల్-అడ్వైజ్డ్' అని రాయరు. వాళ్లకు కావలసింది తీర్పు కాదు, మేం చెప్పాం, వాళ్లు వినలేదు అనే రికార్డు. సలహాను కాదన్నది 'లామా'. ఆలోచన లేనిది 'ఇల్-అడ్వైజ్డ్'. ఇంట్లో డబ్బుల్లేక తీసుకెళ్లిపోయిన కుటుంబం బాగా ఆలోచించుకునే ఆ పని చేసి ఉండవచ్చు.

తెలుగులో దీనికి మాటేమిటన్న ప్రశ్న ఇప్పుడు అడగవచ్చు. నిఘంటువు పద్ధతిలో జవాబు చెబితే అనాలోచితం, అవివేకం, తొందరపాటు. పత్రికల్లో 'అనాలోచిత నిర్ణయం', 'దుందుడుకు చర్య' అని రాస్తారు. వీటిలో అనాలోచితం అర్థానికి దగ్గర, కానీ నోట్లో ఎవరికీ ఆడదు. పెదనాన్న కొడుకు ఉన్న ఉద్యోగం మానేసి యూట్యూబ్ ఛానల్ పెట్టాడని తెలిస్తే 'అనాలోచిత చర్య' అనే తెలుగువాడు భూమ్మీద లేడు. అవివేకం మనిషిని తగులుతుంది, వివేకం లేనివాడని. తొందరపాటు బాగానే ఉంటుంది గానీ తొందర లేకుండా, ఆర్నెల్లు తీరిగ్గా కూర్చుని చేసిన వెర్రి పనులకు సరిపోదు. దుడుకు అనే మాట బెంగళూరు తెలుగువాళ్లకు రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది. 'దుడుకిన నిర్ధార' అని కన్నడ పత్రికలు రాసేదీ తొందరపాటు నిర్ణయాన్నే. మన దుడుకులో కాస్త అల్లరి, మొండితనం కలుస్తాయి. దుడుకు పిల్లాడు అంటే ముద్దు కూడా ఉంటుంది.

అసలు చిక్కు మాట దొరకకపోవడం కాదు. ఇంగ్లీషు విశేషణంతో చేసే ఈ పనిని తెలుగు క్రియతో చేస్తుంది. 'అలా చేయకుండా ఉండాల్సింది.' 'కాస్త ఆగాల్సింది.' 'ఆ మాట అనకపోతే పోయేది.' ఒక్క 'ఉండాల్సింది'లో ఎంత ఉందో చూడండి: పని జరిగిపోయింది, చేయకపోవడానికి వీలు ఉండేది, చేయడం మంచిది కాలేదు, అన్నవాడికి కొంత బాధగా ఉంది, అయినా మనిషిని తిట్టడం లేదు. 'ఇల్-అడ్వైజ్డ్'లో ఉన్న ఎత్తులు, మర్యాదలు అన్నీ వచ్చేశాయి, బాధ అదనంగా. జరగకముందైతే 'చేయకపోతేనే మంచిది', ఇది 'నాట్ అడ్వైజబుల్'కు సమానం. కాలభేదం కూడా క్రియలోనే దిద్దినట్టు కుదిరిపోయింది. సోమవారం మెయిలును తెలుగులో చెప్పాలంటే 'శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చేయకుండా ఉండాల్సింది' అంటే చాలు. 'శుక్రవారం డిప్లాయ్‌మెంట్ నిర్ణయం అనాలోచితమైనది' అంటే ప్రతిపక్ష నాయకుడి ప్రకటన చదివినట్టుంటుంది.

పైగా తెలుగు అన్ని తెలివితక్కువ పనులనూ ఒకే గాటన కట్టదు. 'ఇల్-అడ్వైజ్డ్' అన్న ఒక్క విశేషణం పక్కన ఏ నామవాచకమైనా నిలబడుతుంది. తెలుగులో పనిని బట్టి మాట మారుతుంది. అనకూడనిది అంటే నోరు జారడం. పెట్టకూడని చోట డబ్బు పెడితే చేతులు కాల్చుకోవడం. హాయిగా ఉన్న జీవితంలోకి కావాలని తంటా తెచ్చుకుంటే కొరివితో తల గోక్కోవడం. నమ్మకూడనిదాన్ని నమ్ముకుని దిగితే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం. ముందు మురికిలో దిగి తర్వాత శుభ్రం చేసుకునే పనైతే, అడుసు తొక్కనేల కాలు కడగనేల. ఏం చెప్పారో ఆలోచించకుండా పనిలోకి దూకితే, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు. ఈ చివరిది సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. క్లయింటు అడిగింది అసలు సాధ్యమేనా అని చూడకుండా స్ప్రింటులో, అంటే వచ్చే కొద్ది వారాల పనుల జాబితాలో, టికెట్ పెట్టేసే ప్రతి టీమూ దూడ కోసం తాడు పట్టుకుని తిరుగుతున్నదే.

కాబట్టి ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవాళ్లు 'ఇల్-అడ్వైజ్డ్' కనిపించగానే పక్కనున్న నామవాచకం మీద చూపు పెట్టాలి. 'రిమార్క్' ఉంటే నోరు జారారు. 'ఇన్వెస్ట్‌మెంట్' ఉంటే చేతులు కాల్చుకున్నారు. 2022 సెప్టెంబరు వానలకు సర్జాపుర రోడ్డు, బెళ్లందూరు వైపు లేఅవుట్లు మునిగి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు పోయినప్పుడు, చెరువు పక్కన, రాజకాలువ దారిలో కట్టిన ఇళ్ల గురించి ఇంగ్లీషులో రాసేవాడు ఆ కొనుగోళ్లను ఒక్క విశేషణంతో ముగించేస్తాడు. తెలుగులో దాన్ని 'నీళ్లు పోయే దారిలో ఇల్లు కొనకుండా ఉండాల్సింది' అంటే వాక్యం కొంచెం పొడుగు, సంగతి మాత్రం పూర్తిగా వస్తుంది. 'అనాలోచిత కొనుగోళ్లు' అని రాస్తే చదివేవాడికి నీళ్లూ కనబడవు, ట్రాక్టరూ కనబడదు.

తిరుగు దారిలో, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్లకు వచ్చే తంటా వేరే. 'చేయకుండా ఉండాల్సింది' అన్న భావం మనసులో ఉంటే, చేతికి 'యు షుడ్ నాట్ హావ్ డన్ దట్' వస్తుంది. తప్పేం లేదు, అర్థం అదే. కానీ ఇంగ్లీషులో అది వేలు చూపించి అడిగినట్టుంటుంది, 'యు' మొదట్లోనే నిలబడి ఉంది కాబట్టి. తెలుగు వాక్యంలో నువ్వు అన్న మాటే లేదు, క్రియ చివర కూడా మనిషి గుర్తు లేదు, 'ఉండాల్సింది' అంటే ఎవరైనా కావచ్చు. ఆ మెత్తదనం ఇంగ్లీషులోకి తేవాలంటే మనిషిని తీసేసి పనిని కర్తగా పెట్టాలి: ఆ నిర్ణయం ఇల్-అడ్వైజ్డ్. టీం లీడ్ అయ్యాక మెయిళ్లు కటువుగా ఉంటున్నాయని ఫీడ్‌బ్యాక్ వచ్చే తెలుగువాళ్లలో చాలామందికి కటువు మనసులో లేదు, వ్యాకరణంలో ఉంది.

'అడ్వైజ్డ్' మాత్రం ఒంటరిగా వచ్చినప్పుడు సంగతి వేరు. 'ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్ ఇంటు ద సీ' అని వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్ సలహాలా మాట్లాడుతుంది. అదే తెలుగులో 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు' అయిపోతుంది. సర్కారు ఇంగ్లీషులో 'అడ్వైజ్డ్' అంటే ఆజ్ఞకు వేసిన పట్టుచీర. తెలుగు చేసినవాళ్లు ఆ చీర తీసి పక్కన పెట్టి సంగతి చెప్పారు, మంచి పని చేశారు. తుపాను వచ్చేటప్పుడు పడవ తీయాలా వద్దా అని జాలరి వ్యాకరణం విప్పుకుంటూ కూర్చోలేడు. బ్యాంకువాళ్ల 'పేమెంట్ అడ్వైస్' ఇంకో తెగ, అక్కడ సలహా లేదు, డబ్బు పడిందనే కబురు.

మిగిలింది 'వెల్ అడ్వైజ్డ్'. పేరుకు 'ఇల్'కు ఎదురు మాట, నిజానికి దానికంటే వాడిగా ఉంటుంది. 'యు వుడ్ బీ వెల్ అడ్వైజ్డ్ టు...' అని మొదలైన వాక్యం స్నేహంగా వచ్చే సందర్భాలు తక్కువ. బెంగళూరులో అద్దె ఇంటి గొడవ ముదిరి, ఓనరు తరఫు లాయరు నోటీసు పంపినప్పుడు ఇది కనిపిస్తుంది: ఫలానా తేదీలోగా ఇల్లు అప్పగిస్తే మీరు 'వెల్ అడ్వైజ్డ్' అవుతారు. ఒకప్పటి పది నెలల అద్దె అడ్వాన్సు ఓనరు దగ్గరే ఉండిపోయి, అద్దెకున్నవాడు కూడా తన లాయరుతో ఇదే మాట రాయించి పంపుతాడు, డబ్బు వెనక్కివ్వడమే మీకు మంచిదని. తెలుగులో దీనికి దీటైన మాట ఒకటి తయారుగా ఉంది: మర్యాదగా. మర్యాదగా ఖాళీ చెయ్యి. మర్యాదగా డబ్బు ఇచ్చెయ్. ఆ మాటలో మర్యాద ఎంతుందో, 'వెల్ అడ్వైజ్డ్'లో సలహా అంతే ఉంది. నోటీసు చేతికి వచ్చినవాడు ఆ వాక్యాన్ని సలహాగా చదవకుండా, దాని కింద రాసిన గడువు చూసుకోవాలి. నెలనెలా అద్దె కట్టే ఇంటికి, అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఆ గడువు 15 రోజులు.